ఆగిపోయిన జీతం, పెన్సిల్ టిక్కులు: నా అనుభవం

నేను పాఠాలు చెప్పిన ప్రైవేటు స్కూల్లో నాలుగు నెలల జీతం ఆపేశారు. అడిగినప్పుడల్లా 'వచ్చే వారం' అనేవాళ్లు. ఉద్యోగం మానేశాక నా ఫోన్ కూడా ఎత్తడం లేదు. లాయర్‌ని పెట్టుకుందామంటే ఫీజు ఎంతవుతుందోనని టెన్షన్.

మా వీధిలో ఒకావిడ పారాలీగల్ వాలంటీర్‌గా, అంటే న్యాయ సహాయం కావాల్సినవాళ్లకి దారి చూపించే కార్యకర్తగా పనిచేస్తారు. విషయం చెబితే, "న్యాయ సేవాధికార సంస్థకి వెళదాం పదమ్మా, నీకు పైసా ఖర్చుండదు" అన్నారు. ఉచిత న్యాయ సహాయమంటే బాగా పేదవాళ్లకేమో, నన్ను పంపించేస్తారేమో అని జంకాను. అది నా పొరపాటు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయం ఎంతున్నా అర్హులే. ఇది ఎంతమంది ఆడవాళ్లకి తెలుసో!

ఆవిడ మా ఇంట్లోనే కూర్చుని అర్జీ రాయించారు. "అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఉందా?" లేదు. "పే స్లిప్పులు?" అవీ లేవు. నా ప్రాణం ఉసూరుమంది. "బ్యాంకు పాస్‌బుక్ తీసుకురా" అన్నారు. జీతం పడిన ప్రతి నెల పక్కనా పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టుకుంటూ వెళ్లారు. పదమూడు టిక్కులు. ఆ తర్వాత నాలుగు నెలలు ఏమీ లేదు. "ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?" అన్నారు.

జిల్లా కోర్టు ఆవరణలోని ఆఫీసులో అర్జీ తీసుకుని నంబర్ ఇచ్చారు. కేసు కోర్టుకి వెళ్లకముందే లోక్ అదాలత్‌లో తేల్చుకునే పద్ధతి ఇది, కోర్టు ఫీజు లేదు. స్కూలుకి నోటీసు వెళ్లింది. మొదటి వాయిదాకి వాళ్లు రాలేదు.

ఆ రోజు వరండాలో కూర్చున్నప్పుడు ఆవిడ ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో చెప్పారు. 1976లో 42వ సవరణతో ఉచిత న్యాయ సహాయం 39ఎ అధికరణగా రాజ్యాంగంలోకి వచ్చింది. 1979లో బీహార్ జైళ్లలో విచారణ లేకుండా ఏళ్ల తరబడి మగ్గినవాళ్ల కేసులో సుప్రీంకోర్టు అది ప్రాథమిక హక్కులో భాగమేనంది. 1987లో చట్టం చేశారు, అమల్లోకి వచ్చింది మాత్రం 1995 నవంబర్ 9న. ఎనిమిదేళ్లు! నాలుగు నెలలకే నేను అంత నలిగిపోయాను, ఆ ఎనిమిదేళ్లలో ఎంతమంది గడప దాకా వచ్చి వెనక్కి పోయి ఉంటారో అనిపించింది. ఆవిడలాంటి వాలంటీర్ల పథకం వచ్చింది 2009లో. వాళ్లకి నెల జీతం ఉండదు, పనిచేసిన రోజుకి గౌరవ వేతనమే. నా కోసం ఆవిడ ఎన్నిసార్లు తిరిగారో నేను మర్చిపోలేను.

రెండో వాయిదాకి స్కూలువాళ్లు వచ్చారు. మూడు నెలలది ఇస్తామన్నారు. నాకు నోరు పెగల్లేదు. ఆవిడ పాస్‌బుక్ తెరిచి లోక్ అదాలత్ బెంచి సభ్యుల ముందు పెట్టారు. చివరికి నాలుగు నెలలదీ రెండు విడతల్లో ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఇష్టం లేకపోతే రాజీ పడక్కర్లేదు, కోర్టుకి వెళ్లొచ్చు. కానీ సంతకం పెట్టాక ఆ అవార్డు (రాజీ ఉత్తర్వు) కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, దానిమీద అప్పీలు ఉండదు. అందుకే తేదీలు, అంకెలు రెండుసార్లు చదివాకే సంతకం పెట్టాను.

రెండు విడతలూ పడ్డాయి. అదే స్కూల్లో పనిచేసిన ఇంకో టీచర్‌కి మూడు నెలల జీతం రావాలి. ఆమె పాస్‌బుక్‌లో టిక్కులు నేనే పెట్టాను. సోమవారం ముగ్గురం కలిసి వెళుతున్నాం.