రావెల్ ‘బ్లూస్’: ఎవరి శ్రుతి వాళ్లదే

మంగళవారం

ఇవాళ్టి సాధనంతా ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ రాసిన రెండో వయొలిన్ సొనాటాలో (వయొలిన్, పియానోల కోసం మూడు భాగాలుగా రాసిన కృతి) నడిమి భాగం, ‘బ్లూస్’ మీదే. బ్లూస్ అంటే అమెరికా నల్లజాతివారి పాటల బాణీ, జాజ్‌కి దగ్గరిది. 1923లో మొదలుపెట్టిన ఈ సొనాటాని ఆయన 1927కి గాని ముగించలేదు. ఆ ఏడాది మే 30న పారిస్‌లో తొలి కచేరీ. వయొలిన్ జార్జ్ ఎనెస్కూ, పియానో స్వయంగా రావెల్. ఈ రెండు వాద్యాలూ స్వభావరీత్యా పొసగవని ఆయన అభిప్రాయం. ఆ పొసగకపోవడాన్నే బయటికి వినిపించేలా రాశాడు. అందుకే రెండు నాదాల్నీ కలిపేయాలని చూస్తే పాట చెడుతుంది.

మొదట వయొలిన్ ఒక్కటే జి మేజర్ శ్రుతిలో కార్డులు (కలిసి మోగే స్వరాల గుంపులు) మీటుతుంది. చూపుడువేలి కండతో, ఫింగర్‌బోర్డు చివర మీటాలి. గోరు తగిలితే టకటకమంటుంది. తీగ తర్వాత తీగ తీరిగ్గా మీటితే తాళం వెనకబడుతుంది. కాసేపటికి పియానో ‘ఏ ఫ్లాట్’ (A♭) శ్రుతిలో దిగుతుంది. తేడా అరస్వరమే, అసలు చిక్కంతా అక్కడే. చెవి పియానో వైపు లాగుతుంది, నొక్కిన వేళ్లు తెలియకుండానే పైకి జరుగుతాయి. వేలు పెట్టని ఖాళీ జి తీగ శ్రుతి మాత్రం కదలదు కదా! దాంతో కార్డు లోపలే అపశ్రుతి. ముందు తంబురా యాప్‌లో జి పెట్టుకుని వయొలిన్ భాగం ఒక్కటే వాయించాలి, నాలుగు బార్లకోసారి (బార్ అంటే ఒక తాళపు చుట్టు) ఖాళీ తీగతో సరిచూసుకోవాలి. పియానో ఆ తర్వాతే, అదీ సగం వేగంతో. పియానిస్టు పెడల్ (నాదాన్ని మోగుతూ ఉంచే కాలిమీట) తగ్గించాలి. మోత ఎక్కువైతే రెండు శ్రుతులూ విడివిడిగా వినపడవు, అంతా బురదే.

ఇక జారుల సంగతి, అంటే ఒక స్వరం నుంచి మరో స్వరానికి వేలు జార్చడం. కర్ణాటక సంగీతం వాయించే చేతికి జారు కొత్తేం కాదు, కానీ చేరిన స్వరం మీద కంపితం (స్వరాన్ని ఊపే గమకం) వెయ్యకూడదు. మొదటి స్వరానికి దాని కాలం పూర్తిగా ఇచ్చి, ఆఖరి క్షణంలో వేలి ఒత్తిడి తగ్గించి జారాలి. ఆ కాస్తసేపు బో కూడా నెమ్మదించాలి, లేకపోతే జారు ఏడుపులా సాగుతుంది. జాజ్ కదా అని లయని ఇష్టమొచ్చినట్టు ఊపేవాళ్లని చూస్తే బాధేస్తుంది. 1928లో హ్యూస్టన్‌లో చేసిన ప్రసంగంలో రావెల్ తేల్చి చెప్పాడు, బ్లూస్ రూపం తీసుకున్నా తాను రాసింది ఫ్రెంచ్ సంగీతమే, తన సంగీతమే అని. కాగితం మీదున్న లయలోనే ఆ ఊపంతా ఉంది.

మూడో భాగం, ‘పెర్పెటువమ్ మొబిలె’ (ఆగని చలనం), చివర్లో కాసేపే. నెమ్మదిగా మొదలై వేగం పుంజుకున్నాక వయొలిన్‌కి చివరిదాకా ఊపిరి తీసుకునే చోటు లేదు. బో మధ్యకి కొంచెం కిందగా మూడు నాలుగు సెంటీమీటర్లు చాలు. కుడిచేతి బొటనవేలు బిగిస్తే రెండో పేజీకే భుజం పట్టేస్తుంది. మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) వేగం నిమిషానికి నాలుగేసి దెబ్బలు పెంచుకుంటూ పోవాలి, బిగువు తెలిసిన చోట ఎనిమిది వెనక్కి తగ్గాలి.