రొట్టె తడితే ఫోన్

పదకొండున్నర. పడుకుంటే బావ గొంతే వినిపిస్తోంది.

పొద్దున అత్త జొన్నరొట్టె తడుతోంది. నేను మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నా. మూడో రొట్టెకు కాబోలు, ఆమె చేతికున్న, మనిషి పడితే కనిపెట్టే వాచీ గొల్లుమంది. పడ్డారా అని ఇంగ్లీషులో అడుగుతుంది, లేదని నొక్కాలి. చేతుల నిండా పిండి, యాడ నొక్కేది? నేరుగా బెంగళూరుకు కబురు వెళ్లింది. వెంటనే బావ ఫోన్. "అమ్మ పడిందంట, నువ్వు యాడున్నావ్?" పడలేదు బావా, రొట్టె తడుతోంది అన్నా. "సరేలే, వీడియోలో చూపించు."

చూపించాను. రొట్టెను కూడా చూపించాను. ఆ 'యాడున్నావ్' మాత్రం రోజంతా గొంతులో ముల్లులా ఉంది. వాచీ కట్టింది అత్తకా, నాకా?

దాని తప్పూ లేదనుకోండి. చెయ్యి జోరుగా కిందికొచ్చి ధన్‌మని ఆగితే మనిషే పడిందని లెక్కేసుకుంటుంది. జొన్నరొట్టె సంగతి దానికెవరూ నేర్పలేదు. కసరత్తులు చేయించే ఫిజియో అమ్మాయి తెచ్చే నడుము బెల్టే నయం. ఒళ్లు ఎటు, ఎంత ఊగిందో ఫోన్లో గీత గీస్తుంది. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లయితే, ఫిజియోలు 1 నుంచి 5 దాకా వేసిన మార్కులను ఆ ఊగుడు లెక్కలతో జతచేసి కంప్యూటర్‌కు నేర్పారంట, ఫిజియో రాని రోజు అదే మార్కు వేసేట్టు. మా బెల్టుకు అంత తెలివి లేదు.

అయినా అత్త ఊగడమేంది? 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూల్లోకి వచ్చిపడినప్పుడు నాకు ఏడో నెల. మోకాళ్ల దాకా నీళ్లు, పిట్టగోడ లేని మెట్లు, పాదం పెడితే జారే బురద. నెత్తిన బియ్యం మూట, ఒక చేత్తో నా మణికట్టు. "కింద చూడొద్దు మే, నా ఈపు చూసి ఎక్కు" అంది. నన్ను పైన కూర్చోబెట్టి మళ్లీ దిగింది, మందులకు. మూడోసారి దిగింది మాత్రం ఊరగాయ జాడీ కోసం. అప్పుడు నేను ఏడ్చేశాను.

సాయంత్రం ఒక పాదం ముందు ఒకటి, మడమకు కాలివేలు ఆనించి నిలబడే కసరత్తు. కళ్లు మూస్తే అత్త గీత చిందరవందరైంది. కళ్లు, లోపలి చెవి, పాదాలు, ఈ మూడూ కలిసి మనిషిని నిలబెడతాయంట. ఒకటి తప్పుకుంటే మిగతా రెండింటి మీదే భారం. నన్నూ నిలబడమంది. నా గీత ఇంకా ఘోరం. అత్త నవ్వింది చూడండి!

తర్వాత మోకాలికి మందు రాస్తుంటే నీలిమచ్చ కనపడింది. శుక్రవారం రాత్రి బాత్రూం గడప దగ్గర జారిందంట. వాచీ? చార్జింగ్‌లో. పెట్టింది నేనే. రాత్రి పూటే కదా పెట్టేది.

బావకు ఇంకా చెప్పలేదు. చెప్తే ఏమడుగుతాడో తెలుసు. ఈసారి అడగడంలో తప్పేముంది, అదే నిద్ర రానివ్వట్లేదు.

లోపల లైటు వెలిగింది. వాచీ ఇక్కడే, నా పక్కన, అరవై శాతం. ఉండండి, వెళ్లొస్తా.