తెల్లకళ్ల ఈగలు, నా ఎనిమిది వారాలు

మా నరసన్నపేటలో ఎమ్మెస్సీ జువాలజీ అని చెబితే ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న "నీట్ రాలేదా అమ్మా?" రెండోది "మరి బీఈడీ ఎప్పుడు?" రెండింటికీ నవ్వేసి ఊరుకోవడం అలవాటైపోయింది. డిగ్రీలో సీబీజెడ్ (కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ) తీసుకున్నది ఇష్టంతోనే అంటే ఎవరూ నమ్మరు.

నేను చదివిన యూనివర్సిటీ పేరు చెప్పను. అక్కడ నన్ను కష్టపెట్టినవాళ్లు లేరు, కానీ పని చేయించినవాళ్లు కూడా పెద్దగా లేరు. ల్యాబ్‌లో గోడ పొడవునా ఫార్మలిన్ సీసాలు, వాటిలో రంగు వెలిసిన సొరచేప పిల్లలు, పాములు. డీఎన్ఏకి నకళ్లు తీసే పీసీఆర్ మెషీన్ ఒకటుంది, దాని మీద పూల గుడ్డ కప్పి ఉంటుంది. రెండేళ్లలో ఆ గుడ్డ తీసింది రెండుసార్లు. రెండుసార్లూ నలభై మందిమి చుట్టూ నిలబడితే వెనకున్న నాకు సార్ బట్టతల మాత్రమే కనిపించింది. మిగతా కాలమంతా రికార్డే. బొమ్మ గీయడం, పేర్లు రాయడం, సంతకం పెట్టించుకోవడం.

డ్రోసోఫిలా ఈగల ప్రయోగం సంగతే చూడండి. 1910లో అమెరికాలో మోర్గాన్ అనే శాస్త్రవేత్తకి ఎర్రకళ్ల ఈగల మధ్య ఒక తెల్లకళ్ల మగ ఈగ దొరకడం, దాంతో కంటి రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ (ఆడవాటికి రెండు, మగవాటికి ఒకటి ఉండేది) మీద ఉందని తేలడం. దీన్ని డిగ్రీలో ఒకసారి, పీజీలో ఒకసారి చార్టుతో సహా రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఈగని మాత్రం చూడలేదు. అరటిపండ్ల మీద ముసిరే ఆ చిన్నవి, మా అమ్మ చేటతో తోలేవి, అవేనని కూడా నాకు తెలియదు.

ఫస్టియర్‌లో ఉండగా సీనియర్ ఒకామె చెప్పింది, మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయని. బెంగళూరుది, ఢిల్లీది, అలహాబాద్‌ది. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని. స్టైపెండ్ ఇస్తారు, రైలు ఛార్జీలు ఇస్తారు. మా క్లాసులో చాలామంది అప్పటికే డబ్బు కట్టి ప్రాజెక్టు చేసే ప్రైవేటు ల్యాబ్‌ల వైపు చూస్తున్నారు. కట్టిన డబ్బుకి సర్టిఫికెట్, బైండింగ్ చేసిన పుస్తకం రెండూ అక్కడే ఇచ్చేస్తారు. వాళ్లని తప్పు పట్టను. మార్కులకి ప్రాజెక్టు కావాలి, డిపార్ట్‌మెంట్‌లో కెమికల్స్ లేవు.

అప్లికేషన్ నవంబర్‌లో. మార్కుల మెమోలు, టీచర్ రాసిన సిఫారసు లేఖ, నువ్వేం చేయాలనుకుంటున్నావో చిన్న రైటప్. ఆ చిన్నదే నన్ను ఏడిపించింది. మొదట నెట్‌లో నాలుగు చోట్ల నుంచి ఏరి అతికించాను: చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే మక్కువ, క్యాన్సర్‌కి మందు కనుక్కోవాలని కోరిక. జెనెటిక్స్ మేడమ్ చదివి, "ఇది నువ్వు కాదే. నీకు నిజంగా తెలియనిది ఒకటి రాయి" అన్నారు. రెండు రోజులు ఆలోచించి రాశాను: తెల్లకళ్ల ఈగ గురించి రెండుసార్లు పరీక్ష రాశాను, ఒక్కసారీ చూడలేదు, అది ఆడదో మగదో ఎలా పోలుస్తారో కూడా తెలియదు, నేర్చుకోవాలి. నవ్వుతారేమో అనుకున్నాను. మేడమ్ ఒక్క వాక్యం కూడా మార్చలేదు. లేఖ అప్‌లోడ్ చేయాల్సిన రోజు ఆవిడ పెళ్లికని ఊరెళ్లారు. ఫోన్ కలవలేదు. రాత్రి పదకొండుకి కలిసింది. ఆ రోజు పడ్డ టెన్షన్ ఫైనల్ పరీక్షలకి కూడా పడలేదు.

అదొక్కటే నమ్ముకోలేదు. నేరుగా ప్రొఫెసర్లకి 31 మెయిల్స్ పెట్టాను. రెండు జవాబులు వచ్చాయి, రెండూ "ఖాళీ లేదు" అనే. మొదటి పదీ "రెస్పెక్టెడ్ సర్" అంటూ ఒకే మెయిల్. వాటిలో ఒకటి ఒక మేడమ్‌కి కూడా వెళ్లింది!

మార్చిలో మెయిల్ వచ్చింది. హైదరాబాద్, సీసీఎంబీ, జీవకణాల మీద పరిశోధన చేసే సంస్థ. గైడ్ పేరు కింద "డ్రోసోఫిలా" అనే మాట చూసి హాస్టల్ మెట్ల మీద కూర్చుండిపోయాను. స్టైపెండ్ వచ్చేలోపు ఖర్చు మనదే కాబట్టి అమ్మ డ్వాక్రా పొదుపులోంచి కొంత తీసి ఇచ్చింది. ఆమదాలవలసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. హబ్సిగూడలో లేడీస్ హాస్టల్, గదికి నలుగురం.

మొదటి వారం ఎవరేం మాట్లాడుతున్నారో తెలియలేదు. ల్యాబ్‌లో ఇంగ్లీషు, క్యాంటీన్‌లో హిందీ. గైడ్ సార్ ఏదో అడిగితే "ఏటి సార్?" అని నోరు జారాను. పక్కనే ఉన్న పీహెచ్‌డీ అక్కది నల్లగొండ, కిసుక్కున నవ్వింది. ఆ క్షణం నుంచి ఆమే నాకు దిక్కు.

ఈగల గదిలోకి అడుగుపెడితే ముందు వాసన. మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్ట్, అగర్ కలిపి కాచిన జావ వాసన, పులిసిన అంబలిలా. దాన్ని సన్నటి గాజు గొట్టాల్లో పోసి, గడ్డకట్టాక ఈగల్ని వదిలి దూది బిరడా పెడతారు. 25 డిగ్రీల్లో గుడ్డు నుంచి ఈగ కావడానికి సుమారు పది రోజులు. కార్బన్ డయాక్సైడ్ వదిలే ప్యాడ్ మీద పోస్తే మత్తుగా పడుకుంటాయి, అప్పుడు బొమ్మలేసే కుంచెతో మైక్రోస్కోప్ కింద వేరు చేయాలి. మగదానికి పొట్ట చివర నలుపు, ముందు కాళ్ల మీద చిన్న దువ్వెనలాంటి వెంట్రుకలు. మొదటిసారి ఆ దువ్వెన చూసినప్పుడు అక్కని పిలిచి మరీ చూపించాను. "రోజూ సూస్తనే ఉన్న గదా" అంది.

ఈ పనిలో అసలు కష్టం కన్య ఈగల్ని ఏరడం. ఆడ ఈగ ఒకసారి జతకడితే ఆ వీర్యాన్ని కడుపులో దాచుకుని రోజుల తరబడి గుడ్లు పెడుతుంది. తర్వాత మనం ఏ మగదాన్ని ఇచ్చినా ఆ పిల్లలు ఎవరివో చెప్పలేం. పుట్టిన మొదటి ఎనిమిది గంటలు దాకా ఆడది జతకట్టదని లెక్క. కాబట్టి పొద్దున గొట్టాల్లో ఈగలన్నీ దులిపేసి, ఎనిమిది గంటల్లోపు కొత్తగా పుట్టినవాటిలో ఆడవాటిని విడిగా తీసి పెట్టుకోవాలి. ఈగలకి ఆదివారం ఉండదు.

నాకిచ్చిన మొదటి పని నా చార్టులో ఉన్న క్రాసే, అంటే జతకట్టించడం: తెల్లకళ్ల ఆడ, ఎర్రకళ్ల మగ. కూతుళ్లందరికీ ఎర్రకళ్లు, కొడుకులందరికీ తెల్లకళ్లు రావాలి. ఒక ఆదివారం తొమ్మిదింటికి గొట్టాలు దులిపి, గదిలో అమ్మాయిలతో చార్మినార్ వెళ్లాను. ఐదింటికల్లా రావాలి. గాజులు బేరమాడి, బస్సు దొరక్క, వచ్చేసరికి ఎనిమిదయింది. ఈగలు అమాయకంగానే కనిపించాయి. తీశాను. నోట్‌బుక్‌లో "సా. 5.00" అని రాసి, వాటిని ఎర్రకళ్ల మగవాటితో ఐదు గొట్టాల్లో కలిపాను.

పది పన్నెండు రోజులకి పిల్లలు పుట్టాయి. ఐదు గొట్టాల్లో మూడు చార్టులాగే ఉన్నాయి. మిగతా రెండింటిలో తెల్లకళ్ల కూతుళ్లు! ఒకదాంట్లో పదకొండు.

ఇక్కడ నా చదువు నన్ను ముంచింది. మోర్గాన్ శిష్యుడు బ్రిడ్జెస్‌కి ఇలాంటి తెల్లకళ్ల కూతుళ్లే దొరికాయి. తల్లి రెండు ఎక్స్ క్రోమోజోమ్‌లూ విడిపోకుండా ఒకే గుడ్డులోకి వెళ్లాయని చెప్పి, 1916లో దాన్నే, జన్యువులు క్రోమోజోమ్‌ల మీదే ఉంటాయనే సిద్ధాంతానికి రుజువుగా చూపించాడు. అది కూడా నేను పరీక్షలో రాసిందే. రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే సార్ గదికి వెళ్లి, వచ్చీరాని ఇంగ్లీషులో, బ్రిడ్జెస్ ఈగలు దొరికాయన్నాను.

సార్ నవ్వలేదు. "ఎర్రకళ్ల కొడుకులు ఎన్ని?" అన్నారు.

లేవు. ఒక్కటీ లేదు. ఎక్స్‌లు రెండూ ఒక గుడ్డులోకి వెళితే, ఏ ఎక్సూ లేని గుడ్డు కూడా ఉండాలి కదా. దాంట్లోంచి తండ్రి ఎక్స్‌తో ఎర్రకళ్ల కొడుకు రావాలి. పైగా బ్రిడ్జెస్‌కి అలాంటి ఈగ దాదాపు రెండు వేలకి ఒకటి దొరికింది, నాకు అరవైలో పదకొండు. సార్ ఇంకేమీ అనకుండా నోట్‌బుక్ నా వైపు జరిపారు. బయటికొచ్చాక అక్క మెల్లగా అడిగింది, "నిజం చెప్పు, ఎన్నింటికి తీసినవ్?"

చెప్పాను. ఎనిమిది గంటలు దాటిపోయాయి కదా, ఆ రెండు గొట్టాల్లోని తల్లులు నేను తీయకముందే తమ తెల్లకళ్ల అన్నదమ్ములతో జతకట్టేశాయన్నమాట. సార్‌కి కూడా వెళ్లి చెప్పాను, ఈసారి కాళ్లు వణుకుతూ. "టైమ్ సరిగ్గా రాసి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది" అన్నారు. అంతే. "5.00" మీద ఒక్క గీత గీసి, పక్కన "రా. 8.00" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. ఆ రెండు వారాలు పోయాయి. మళ్లీ పెట్టిన క్రాస్ బాగానే వచ్చింది, కానీ అసలు ప్రాజెక్టుకి మూడు వారాలే మిగిలాయి. రిపోర్టులో ఒకే ఒక్క గ్రాఫ్ ఉంది. ఫ్రెండ్స్ బైండింగ్ పుస్తకాలు నా దానికి మూడింతల లావు.

ఇప్పుడు సీఎస్ఐఆర్ వాళ్ల నెట్ పరీక్షకి చదువుతున్నాను. లైఫ్ సైన్సెస్ పార్ట్ సీలో 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, ఒక్కోటి నాలుగు మార్కులు, తప్పయితే ఒక మార్కు కోత. వంశవృక్షాలు, క్రాసులు వచ్చే ప్రశ్నలు మాత్రం వదలను. ఒకసారి రాశాను, జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేయడానికి ఇచ్చే ఫెలోషిప్) కొద్దిలో పోయింది.

మొన్న డిపార్ట్‌మెంట్‌కి వెళితే జెనెటిక్స్ మేడమ్ ఈగలు పెంచుదామా అన్నారు. డబ్బుల్లేవు కాబట్టి నాలుగు హార్లిక్స్ సీసాలు, కాచిన జావ, మగ్గిన చక్కెరకేళీలు. కిటికీలో పెడితే రెండు రోజుల్లో ఈగలు వాటంతటవే వచ్చాయి. జూనియర్లు ఇద్దరు మగవాటి దువ్వెన కోసం పాత మైక్రోస్కోప్‌లో పోట్లాడుకున్నారు. వేరే పురుగులు కూడా కొన్ని వచ్చి చేరాయనుకోండి. పోయిన వారం రెండు సీసాలకి బూజు పట్టింది. జావ మళ్లీ కాచాలి.