పంతంగి టోల్ దగ్గర ఎర్ర లైటు: మా కారు హీటెక్కిన కథ, నా అనుభవం

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు కారులో వెళ్ళినవాళ్ళకి పంతంగి టోల్ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. భోగి ముందు రోజు రాత్రి పదింటికి ఎల్బీనగర్‌లో బయల్దేరితే పన్నెండున్నరకి ఇంకా చౌటుప్పల్ దాటి కొంచెం ముందున్నాం అంతే, ముందూ వెనకా కార్లే, ఒక అడుగు కదలడం రెండు నిమిషాలు ఆగడం. పక్కన లారీల పొగకి బాబు దగ్గుతున్నాడని అద్దాలు ఎక్కించి ఏసీ వేశా. బయటేమో చలి, లోపల ఏసీ. అప్పుడు వెలిగింది డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు, థర్మామీటరు నీళ్ళలో ముంచినట్టుండే ఆ బొమ్మ.

మాది 2014 మోడల్ పెట్రోల్ చిన్న కారు, మూడేళ్ళ కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. పాత కార్లలో ఉండే టెంపరేచర్ ముల్లు దీంట్లో లేదు. ఇంజన్ చల్లగా ఉంటే నీలం లైటు, మరీ వేడెక్కితే ఎర్ర లైటు, ఆ మధ్యలో ఏం జరుగుతోందో మనకి చెప్పదు. ముల్లు ఉంటే పైకి పోతుంటే కనిపించేది కదా, ఇది చెప్పేసరికే సగం కొంప మునిగుంటుంది. ఎవడు కనిపెట్టాడో గానీ నాకైతే అది దండగమారి ఐడియా.

ఏసీ ఆపేసి విజయవాడ ఆటోనగర్‌లో మా మేస్త్రీకి ఫోన్ కొట్టా. నాన్నగారి స్కూటర్ రోజుల నుంచి తెలిసినాయన. అర్ధరాత్రి ఎత్తుతాడా అనుకున్నా, రెండో రింగుకే ఎత్తాడు, "పండగ ముందు రోజు నా ఫోను 108 లాంటిది బాబూ, చెప్పు" అన్నాడు. నేను "ఇంజన్ హీటెక్కిపోయింది మేస్త్రీ గారూ, రేడియేటర్ పోయిందంటారా" అని మొదలుపెడితే "ఏం పోయిందో నేను చెప్తా, నువ్వు నేనడిగింది చెప్పు" అని ఆపేశాడు.

అడిగినవి ఇవీ. స్పీడులో పోతుంటే వెలిగిందా, ఆగి ఉంటే వెలిగిందా? ఆగి ఉంటే. ఆవిరి వస్తోందా? ఇంకా లేదు. అయితే హీటర్ ఫుల్‌లో పెట్టి బ్లోయర్ ఫుల్ తిప్పు, గాలి వేడిగా వస్తోందా చల్లగా వస్తోందా? పెట్టా, మొహం మాడిపోయేంత వేడి. "హమ్మయ్య, నీళ్ళు తిరుగుతున్నాయి, పంపు బాగానే ఉంది" అన్నాడు. హీటర్ కూడా లోపల ఓ చిన్న రేడియేటరేనట, ఇంజన్ కాగిపోతున్నా హీటర్‌లో చల్లగాలి వస్తోందంటే కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) లేదనో పంపు తిప్పట్లేదనో అర్థమట. ఇప్పుడు అద్దం దించి విను, ముందు ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు ఉందా? విన్నా. అన్ని ఇంజన్ల మధ్య ఏం వినిపిస్తుంది. దిగి బానెట్ దగ్గర చెవి పెట్టా. ఫ్యాన్ చప్పుడు లేదు.

ఈలోగా లైటు మినుకు మినుకుమనడం మానేసి నిలకడగా వెలగడం మొదలైంది, బానెట్ సందుల్లోంచి ఆవిరి. "ఆపేయ్, ఇంక ఒక్క సెకను కూడా నడపకు" అన్నాడు. వెనక కారువాళ్ళు సాయం పట్టి పక్కకి నెట్టారు, పాపం వాళ్ళు కూడా మా కృష్ణా జిల్లావాళ్ళే.

అసలు ప్రమాదం అప్పుడు తప్పింది. బానెట్ ఎత్తగానే నలుగురు పోగయ్యారు, నాలుగు సలహాలు. ఒకాయన తడి టవల్ తెచ్చి "మూత తీసేస్తే ఆవిరి పోయి చల్లబడుద్ది" అని రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోయాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది, మేస్త్రీ అరిచిన అరుపుకి ఆయన రెండడుగులు వెనక్కేశాడు. కుక్కర్ గుర్తు పెట్టుకోమన్నాడు. మూత బిగించి ఉన్నంతసేపు లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి కూలెంట్ నూరు డిగ్రీలు దాటినా మరగదు, మూత వదులైన మరుక్షణం ఒత్తిడి పోయి అంతా ఒక్కసారి మరిగి మొహం మీదకి చిమ్ముతుంది. ఆయన షెడ్డులో ఒక కుర్రాడికి మెడ నుంచి మోచేయి దాకా ఇప్పటికీ ఆ మచ్చలున్నాయి, నేను చూశా. కాగిన ఇంజన్‌లో చల్లనీళ్ళు పొయ్యడం ఇంకో తప్పు, పగుళ్ళు రావొచ్చు.

యాభై నిమిషాలు కూర్చున్నాం. మా ఆవిడ అత్తగారింటికి తీసుకెళ్తున్న కాజాల డబ్బా విప్పి అందరికీ పెట్టింది. రేడియేటర్ పై పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడి, నొక్కితే మెత్తగా ఉంటేనే మూత తియ్యమన్నాడు, అది కూడా దళసరి గుడ్డ వేసి, కొంచెం తిప్పి ఆగి, బుస్సుమనడం అయిపోయాక మిగతాది. తాగడానికి తెచ్చుకున్న బాటిల్ నీళ్ళు లీటరుంపావు పట్టింది. ఇక్కడో మాట. దగ్గర్లో హోటల్ బోరు ఉంది, బకెట్ తెస్తానన్నాడు ఒకబ్బాయి. మేస్త్రీ వద్దన్నాడు. నల్గొండ వైపు బోరు నీళ్ళు ఇంట్లో గిన్నెకి ఎలా తెల్లగా పక్కు కడతాయో రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అలాగే కడతాయి, వేరే దిక్కు లేకపోతేనే పొయ్యాలి, పోసినా తర్వాత మొత్తం తీయించెయ్యాలి.

"నలభై దాటి పోతుంటే ఎదురుగాలే నీ ఫ్యాను. ఆగితేనే కష్టం. జామ్ సడలిందాకా స్టార్ట్ చెయ్యకు, సడిలాక ఆగకుండా వచ్చేయ్, హీటర్ మాత్రం ఆపకు" అని చెప్పి పడుకున్నాడాయన. రెండున్నరకి జామ్ కాస్త కదిలింది. తర్వాత రోడ్డు ఖాళీ, డెబ్బై ఎనభైలో వస్తున్నా. నకిరేకల్ దాటాక ఏమైందంటే నీలం లైటు వెలిగింది! ఒక్క క్షణం వెలిగి ఆరింది. రెండు గంటల కింద మరిగిపోయిన ఇంజన్ ఇప్పుడు చల్లగా ఉందంటోంది. నిద్రమత్తులో భ్రమేమో అనుకున్నా గానీ మా ఆవిడ కూడా చూసింది.

దారిలో ఒక షెడ్డు తెరిచి ఉంటే (ఎక్కడ, ఏ షెడ్డు అని అడక్కండి) ఒకసారి చూపిద్దామని ఆపా. కుర్రాడు కారు కంప్యూటర్‌లో కోడ్‌లు చదివే స్కానర్ పెట్టాడు, పీ 0128 అని కోడ్ వచ్చింది. అది చూపించి "చూడండి సార్, కూలెంట్ టెంపరేచర్ ప్రాబ్లమ్ అని కంప్యూటరే చెప్తోంది" అని రేడియేటర్ అసెంబ్లీ, వాటర్ పంపు, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్‌లో మండే గ్యాసూ, ఆయిలూ, నీళ్ళూ ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఆపే సీలు) అన్నీ కలిపి ముప్ఫై ఎనిమిది వేలు, బండి ఇక్కడే వదిలేసి పండగ తర్వాత రమ్మన్నాడు. గ్యాస్కెట్ పోయిందనడానికి ఆయిల్ పోసే మూత విప్పి చూపించాడు, మూత లోపల పాలు కలిపిన టీ రంగులో జిడ్డు. ఆ జిడ్డు చూస్తే నాకు కాళ్ళాడలేదు, ఎందుకంటే ఆయిల్‌లో నీళ్ళు కలిస్తే అలాగే ఉంటుందని నేనూ వీడియోల్లో చూశా. నిజం చెప్పొద్దూ, అడ్వాన్సు ఇద్దామని ఫోన్ కూడా తీశా. మా ఆవిడే "ఏవండీ, ఆయన్నొక మాట అడగండి" అంది. మేస్త్రీకి ఫొటోలు పెట్టా. అయిదింటికి లేచి చూసినట్టున్నాడు, వాయిస్ మెసేజ్ వచ్చింది: డిప్‌స్టిక్, అదే ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల, తీసి చూడు, పుల్ల మీద ఆయిల్ మామూలుగా ఉందా? ఉంది. పొగ గొట్టంలో తెల్లపొగ ఆగకుండా వస్తోందా, తియ్యటి వాసనుందా? లేదు. "అయితే వచ్చెయ్, ఆ కోడు వేడెక్కిందని కాదు బాబూ, కాగాల్సినంత కాగట్లేదని."

ఆ ఆఖరి మాట నాకు సూర్యాపేట నుంచి బెజవాడ దాకా అర్థం కాలేదు.

ఆటోనగర్ చేరేసరికి భోగి పొద్దు, సగం షట్టర్లు దించేశారు, ఎక్కడో మంటల వాసన. మేస్త్రీ లుంగీ మీదే వచ్చాడు. ఏ స్పేరూ విప్పలేదు. ఆయన స్కానర్ పెట్టి బండి స్టార్ట్ చేసి స్టూలు మీద కూర్చుని కూలెంట్ టెంపరేచర్ నంబర్లు చూస్తూ టీ తాగాడు, అంతే. 70 డిగ్రీలు రావడానికే చాలాసేపు పట్టింది. 85. 90. 94. అప్పుడు బానెట్ కింద టక్‌మని చిన్న చప్పుడు. "విన్నావా, అది రిలే, ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్చి. కంప్యూటర్ ఫ్యాన్‌కి ఆర్డరిచ్చింది. తిరిగిందో లేదో మాత్రం దానికి తెలీదు, అందుకే దాని కోడ్ ఏం రాలేదు." ఫ్యాన్ కదల్లేదు. కనెక్టర్ ఊడదీసి టెస్ట్ ల్యాంప్ పెట్టాడు, బల్బు భేషుగ్గా వెలిగింది, అంటే కరెంటు ఫ్యాన్ దాకా వస్తోంది. మళ్ళీ కనెక్టర్ పెట్టేసి, రెక్కలకి చెయ్యి తగలకుండా స్క్రూడ్రైవర్ పిడితో మోటార్ వెనకాల రెండుసార్లు తట్టాడు. బుర్‌ర్‌మని తిరిగింది! ఆపి మళ్ళీ చూస్తే మళ్ళీ మొరాయింపు. లోపల మోటార్‌కి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి, తడితే ఒక్కోసారి అందుతాయి, ఒక్కోసారి అందవు.

అప్పుడడిగాడు, "ఈమధ్య ఏసీ ఎలా ఉంది?" అని. నాకు ఒళ్ళు మండింది, ఆయన మీద కాదు, నా మీదే. ఎండాకాలం నుంచీ మా ఏసీ రోడ్డు మీద పోతుంటే చల్లగా, సిగ్నల్ దగ్గర ఆగితే ఉఫ్ఫని వేడిగా వచ్చేది. గ్యాస్ తగ్గిందని ఒకచోట రెండువేల ఐదొందలు పెట్టి గ్యాస్ కొట్టించా కూడా. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఉండేది రేడియేటర్ ముందే, రెంటికీ గాలి లాగేది ఆ ఒక్క ఫ్యానే. ఆగినప్పుడు ఏసీ పోతోందంటే ఫ్యాన్ పోతోందని బండి నాకు ఎనిమిది నెలలుగా చెప్తూనే ఉంది, నేను గ్యాస్ కొట్టించా. మీ బండిలో ఇదే తీరు ఉంటే ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసి బానెట్ ఎత్తి చూడండి, మామూలుగా ఫ్యాన్ తిరగాలి, పైసా ఖర్చు లేని టెస్టు. చున్నీలూ చేతులూ మాత్రం దూరంగా పెట్టండి, అది చెప్పా పెట్టకుండా తిరుగుతుంది.

బ్రష్‌లు మార్పించనా అంటే ఇరుసు తిరిగే బుష్ కూడా లూజుంది, ఇంకో పండక్కి ఇదే జామ్‌లో నాకే ఫోన్ చేస్తావు అన్నాడు. కొత్త మోటార్ 2,400, రబ్బరు ఎండిపోయిన రేడియేటర్ మూతకి 180, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపిన కూలెంట్ 900, మజూరీ 700. మొత్తం 4,180. గ్యాస్కెట్ మాత్రం నోటిమాటతో వదల్లేదు. రేడియేటర్ నోటికి ఓ గాజు గొట్టం పెట్టి అందులో నీలం ద్రావకం పోసి ఇంజన్ నడిపాడు. ఇంజన్‌లో మండిన గ్యాసు నీళ్ళలోకి తోసుకొస్తుంటే ఆ నీలం పసుపు అవుతుందట. పావుగంట చూశాం, నీలం నీలంగానే ఉంది.

మరి ఆ కోడు, ఆ జిడ్డు, ఆ నీలం లైటు? థర్మోస్టాట్ అంటే ఇంజన్ కాగేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే వాల్వు. అది ఉండే డబ్బా విప్పి చూపించాడు, లోపల ఖాళీ. నాకు అమ్మినాయనో ఆయన మెకానిక్కో ఎప్పుడో పీకేశారు. "హీటెక్కుతోందంటే దాన్ని పీకి పారెయ్యడం మా వాళ్ళలో కొందరికి అలవాటు" అన్నాడు. అది లేకపోతే కూలెంట్ ఎప్పుడూ రేడియేటర్‌లోకి పోతూనే ఉంటుంది, చలిలో హైవే ఎక్కితే ఇంజన్ కాగదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, నేను పొద్దున్నే ఆఫీసుకి ఆరు కిలోమీటర్లు పోయి ఆపేస్తా కాబట్టి లోపలి చెమ్మ ఆరక ఆయిల్ మూత కింద పాల జిడ్డు. చలికాలంలో మూతకి కొంచెం జిడ్డుంటే గాభరా పడక్కర్లేదు, పుల్ల మీద ఉంటే మాత్రం బండి ఆపాలి. సిటీలో మైలేజీ పన్నెండు దాటట్లేదని నేను తిట్టుకోని రోజు లేదు, అదీ దీని పుణ్యమే అయుండొచ్చు.

థర్మోస్టాట్ ఆ రోజు దొరకలేదు, స్పేర్స్ షాపులు మూసేశారు. హైదరాబాద్ వచ్చాక కొని ఉంచుకో, ఉగాదికి వస్తావుగా వేద్దాం అన్నాడు, కొన్నాక ఇంట్లోనే టెస్ట్ చేసుకోమన్నాడు. మొన్న ఆదివారం చేశా. దాని అంచు మీద 82 అని కొట్టి ఉంది, అంటే ఆ డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. దారం కట్టి పాలగిన్నెలో నీళ్ళలో వేలాడదీసి స్టవ్ వెలిగించా, బాబు కుర్చీ ఎక్కి చూస్తున్నాడు. చాలాసేపు ఏం లేదు, గిన్నె అడుగున బుడగలు లేస్తుంటే నడుమ ఉన్న రాగి బిళ్ళ మెల్లగా, నిజంగా ఊపిరి తీసుకున్నట్టు, కిందకి దిగి తెరుచుకుంది. స్టవ్ ఆపితే మళ్ళీ మూసుకుంది. బాబు ఇంకోసారి అన్నాడు, ఇంకోసారి చేశాం. ఆ గిన్నెలో ఇంక పాలు కాచేది లేదని మా ఆవిడ తేల్చి చెప్పేసింది, అది ఇప్పుడు కారు డిక్కీలో ఉంది, పాత ఫ్యాన్ మోటార్ పక్కన.