ఏర్వాడి గొలుసులు

2001 ఆగస్టు 6న తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, మానసిక రోగులను ఉంచే ఒక ప్రైవేటు ఆశ్రమం పాకకు నిప్పంటుకుంది. 28 మంది చనిపోయారు. కాళ్లకు గొలుసులు ఉండటంతో వాళ్లు మంటల్లోంచి బయటపడలేకపోయారు.

అక్కడి దర్గాలో దీపపు నూనె, తీర్థం తీసుకుంటే జబ్బు నయమవుతుందని నమ్మి ఎన్నో కుటుంబాలు తమవాళ్లను తెచ్చి, చుట్టుపక్కల వెలసిన ఆశ్రమాల్లో వదిలి వెళ్లేవి. వాళ్లను నేను సులువుగా తప్పుపట్టలేను. నా చిన్నతనంలో మా వీధిలో ఒకాయనను పశువుల పాకలో నిట్రాడుకు కట్టి ఉంచేవారు. కట్టింది కన్నతల్లే, విప్పితే చెరువు వైపు వెళ్లిపోతాడని ఆమె భయం. దగ్గరలో మానసిక వైద్యుడు లేని ఊళ్లో ఆమెకు తాడు తప్ప మరో దారి కనిపించలేదు.

అయితే ఆశ్రమాలు నడిపినవారి సంగతి వేరు. 1987 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇలాంటి చోట్లకు లైసెన్సు తప్పనిసరి అయినా, ఏర్వాడిలో అవి లైసెన్సు లేకుండానే ఏళ్ల తరబడి నడిచాయి. ప్రమాదం తర్వాతే ప్రభుత్వం వాటిని మూయించి, అక్కడున్న వందలాది మందిని తన సంరక్షణలోకి తీసుకుంది. సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు స్వీకరించింది.

గొలుసులతో బంధించడాన్ని ఏ రూపంలోనైనా సరే నిషేధిస్తున్నట్లు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెప్పింది. బలవంతంగా గుండు గీయకూడదని, రోగి కోరుకుంటే సొంత బట్టలు కట్టుకోనివ్వాలని కూడా అందులో ఉంది. ఇంత చిన్న విషయాలను చట్టంలో రాయవలసి వచ్చిందంటే ఆ గోడల లోపల ఏం జరిగేదో ఊహించుకోవచ్చు. అయినా 2019లో ఉత్తరప్రదేశ్‌లోని బదాయూఁలో రోగులను గొలుసులతో కట్టి ఉంచుతున్న సంగతి సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది.

నన్ను ఎక్కువగా కలచివేసేది అదే చట్టంలోని 19వ సెక్షన్. కుటుంబం లేదనో, కుటుంబం ఆదరించలేదనో, ఉండటానికి ఇల్లు లేదనో ఎవరినీ ఆస్పత్రిలోనే ఉంచేయకూడదని అది చెబుతుంది. జబ్బు తగ్గినా తీసుకెళ్లేవారు లేక వార్డుల్లోనే మిగిలిపోయిన వారి కోసం పునరావాస గృహాలు ఏర్పాటు చేయాలని రాష్ట్రాలకు సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. గొలుసు తీసేశాక వెళ్లడానికి ఒక గడప ఉండాలి కదా.

మా వీధిలో ఆ తల్లి రోజూ పాకలోకి వెళ్లి, అన్నం కలిపి కొడుక్కి ముద్దలు పెట్టేది. ఆమె పోయాక ఆయనను ఎక్కడికి పంపారో ఎవరూ చెప్పలేదు. మా వీధిలో ఎవరమూ అడగలేదు.