అదే చుట్టు, తిరగేసి

నేను సైకిల్ మీద తొక్కే చుట్టు 34 కిలోమీటర్లు. బయల్దేరిన చోటికే తిరిగొస్తాను కాబట్టి ఎంత ఎక్కితే అంత దిగాలి. పైకి 980 మీటర్లు, కిందికి 980. మూడేళ్ళుగా నెలకి రెండు మూడు సార్లు తొక్కుతున్నాను, ఎప్పుడూ సవ్యదిశలోనే. ముందు పొలాల మధ్య డొంకదారి, తర్వాత 9 కిలోమీటర్ల నిదానమైన ఎక్కుడు, పైన ఈదురుగాలి తప్ప ఇంకేం లేని మెట్ట, అక్కణ్ణించి రాళ్ళదారిలో 2.6 కిలోమీటర్ల నిట్టదిగుడు. నిజం చెప్పాలంటే ఆ దిగుడు కోసమే మిగతాదంతా భరిస్తాను.

పోయిన నెల ఓ ఆదివారం దాన్ని తిరగేశాను. గొప్ప ఆలోచనేం కాదు. అప్పుడప్పుడూ నాతో వచ్చే స్నేహితుడొకడు, "ఆ కొండ నువ్వు ఎక్కిందెక్కడరా, దిగావంతేగా" అన్నాడు. వాడు ఎకసెక్కానికే అన్నాడు గానీ ఆ మాట రెండు రోజులు చెవిలో జోరీగలా రొద పెట్టింది.

శనివారం రాత్రి కాగితం తీసి లెక్క వేశాను. నా సైకిల్‌కి ముందు చైన్‌వీల్ ఒక్కటే, 32 పళ్ళు. వెనక క్యాసెట్‌లో, అంటే పళ్ళచక్రాల దొంతరలో, అన్నిటికన్నా పెద్దదానికి 51. అంటే పెడల్ ఒక పూర్తి చుట్టు తిరిగినా వెనక చక్రం మూడింట రెండొంతులు కూడా తిరగదు. 29 అంగుళాల చక్రం చుట్టుకొలత దాదాపు 2.3 మీటర్లు. కాబట్టి ఒక తొక్కుకి మీటరున్నరలోపే. నిమిషానికి 60 సార్లు తిప్పగలిగితే గంటకి అయిదు కిలోమీటర్లు దాటతాను, చురుగ్గా నడిచే మనిషంత వేగం. 2.6 కిలోమీటర్లలో 340 మీటర్ల ఎత్తు, సగటు వాలు 13 శాతం. "అయితే అరగంట" అని కాగితం మడిచి పడుకున్నాను. అందులో రాళ్ళ లెక్క లేదు.

పొద్దున టైర్లలో గాలి కొంచెం తీశాను. ముందు 20, వెనక 23 పీఎస్ఐ. గాలి ఎక్కువుంటే టైరు రాయి మీద ఎగిరిపడుతుంది, తగ్గిస్తే కాస్త ఒదిగి రాతిని పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే రిమ్మే వెళ్ళి రాతికి కొట్టుకుంటుంది. ఆ హద్దు ఎవరి బరువుని బట్టి వాళ్ళు తెలుసుకోవాల్సిందే.

మొదటి అరకిలోమీటరు పరవాలేదు. గట్టి మట్టి, 9, 10 శాతం వాలు. తర్వాత హ్యాండిల్ మీదున్న చిన్న మీటరు 15 చూపించింది, 17 చూపించింది, ఒక మలుపులో 22. అంటే వంద అడుగులు ముందుకెళితే ఇరవై రెండు అడుగులు పైకి. అంత వాలులో సైకిల్‌కి రెండు రోగాలు. వెనక్కి కూర్చుంటే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది, ఇక హ్యాండిల్ ఎటు తిప్పినా ఒకటే. సీటు మీంచి లేచి తొక్కితే వెనక చక్రం మీద బరువు పోయి, టైరు ఉన్నచోటే గిర్రున తిరిగి గులకరాళ్ళు చిమ్ముతుంది. ఈ రెంటికీ మధ్య బెత్తెడు చోటుంది. సీటు ముందున్న సన్నటి కొస మీద కూర్చుని, మోచేతులు దించి, గడ్డం హ్యాండిల్‌కి జానెడు దూరంలోకి తెచ్చుకుని తొక్కాలి. ఆ కొస మీద కూర్చోవడం ఎలా ఉంటుందో ఇంతకన్నా వివరంగా రాయను. అపసవ్యం అన్న మాటకి ఎంత అర్థముందో అప్పుడు తెలిసింది.

మూడో మలుపులో గాడి ఎదురైంది. మలుపు లోపలి అంచు నుంచి దారి మధ్యకి దిగిన గాడి, జానెడు లోతు, అడుగున నీళ్ళకి కడుక్కుపోయి పళ్ళలా బయటపడ్డ రాళ్ళు. దాని పక్కనుంచి పోదామనుకున్నాను. చూపు మాత్రం దాని మీదే నిలిచింది, కళ్ళెటుంటే చక్రం అటే పోతుంది కదా. ముందు చక్రం అందులోకి జారింది. నేను కిందివైపుకి ఒరిగాను, కాలు ఆనిద్దామంటే అటు నేల అందలేదు. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. గంటకి నాలుగు కిలోమీటర్ల వేగంలో పడితే దెబ్బకన్నా సిగ్గే ఎక్కువ.

కూర్చుని దుమ్ము దులుపుకుంటూ, ఇదెప్పుడు పడింది, దిగేటప్పుడు ఎన్నడూ కనపళ్ళేదే అనుకున్నాను. కాసేపటికి వెలిగింది. దీన్ని వేసినవాణ్ణి నేనే. ఆ దారిలో ఇంకొందరూ తొక్కుతారు లెండి, కానీ ఆ మలుపులో నేనేం చేస్తానో నాకు బాగా తెలుసు. వేగంగా వచ్చి, భయమేసి, వెనక బ్రేకు గుప్పిట్లో బిగించి, చక్రాన్ని ఈడ్చుకుంటూ తిప్పుతాను. కంకర చర్రుమంటూ చిమ్ముతుంటే అదో సరదా కూడా. దిగుడులో బరువంతా ముందుకొస్తుంది కాబట్టి ఆపే శక్తి చాలామటుకు ముందు బ్రేకుదే. వెనక చక్రం తేలికైపోయి చిన్న నొక్కుకే బిగుసుకుని జారుతుంది. జారిన ప్రతిసారీ పైమట్టి లేస్తుంది. లేచిన చోట వాన నీళ్ళకి దారి దొరుకుతుంది. ఆపైన పనంతా నీళ్ళే చూసుకుంటాయి.

ఈ మలుపుకి నేను పెట్టుకున్న పేరు రీప్యాక్. 1976లో కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి మారిన్ కౌంటీలో, కొందరు కుర్రాళ్ళు లావు టైర్ల పాత సైకిళ్ళేసుకుని ఓ కొండదారిలో పందేలు పెట్టుకునేవారు. రెండు మైళ్ళ పైచిలుకులో 1,300 అడుగుల దిగుడు. లెక్కేస్తే వాలు నా దారిది ఎంతో ఇంచుమించు అంతే. ఆ సైకిళ్ళకి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. కిందికొచ్చేసరికి చక్రం నడిమి హబ్బులో గ్రీజు కాలి పొగలై పోయేదట. ప్రతి దిగుడు తర్వాతా హబ్ విప్పి మళ్ళీ గ్రీజు కూరాల్సి వచ్చేది. ఆ పందేనికి రీప్యాక్ అన్న పేరు అలా వచ్చింది. మౌంటెన్ బైక్ అనే వస్తువు అక్కడే పుట్టిందంటారు. ఆ కథ చదివినప్పుడల్లా నాకు గ్రీజు పొగే కనపడేది. కింద ఆ దారి ఏమైందో అన్న ప్రశ్న మూడో మలుపులో కూర్చుంటే గానీ రాలేదు.

సరే, లేచాను. నిట్టవాలులో ఆగిన సైకిల్‌ని మళ్ళీ కదిలించడం వేరే విద్య. కొండకి ఎదురుగా నిలబెట్టి తొక్కితే మొదటి తొక్కుకే ముందు చక్రం లేస్తుంది. అందుకని సైకిల్‌ని దారికి అడ్డంగా తిప్పాలి. రెండు బ్రేకులూ పట్టి ఉంచి, ఎగువవైపు కాలు నేల మీద పెట్టి, రెండో పెడల్‌ని గడియారంలో రెండు గంటలు చూపించే చోటికి తేవాలి. దాన్ని తొక్కడం, బ్రేకు వదలడం, సీటు మీదికి ఎక్కడం ఒకే క్షణంలో జరగాలి. రెండు తొక్కులు అడ్డంగా పోయాక మెల్లగా పైకి మళ్ళించుకోవాలి. నాకు నాలుగోసారికి కుదిరింది, మూడు సార్లు మధ్యలోనే కాలు కిందపెట్టాను.

ఇదంతా పైనుంచి ఓ గొర్రెల కాపరి చూస్తున్నాడని నాకు తెలీదు. తర్వాతి మలుపులో, సైకిల్‌ని భుజానేసుకుని రాళ్ళు దాటుతుంటే అడిగాడు.

"అది నిన్ను మోస్తందా బాబూ, నువ్వు దాన్ని మోస్తన్నావా?"

"ఈ పూట వంతు నాది, పెద్దాయనా."

నవ్వాడు. కర్రతో కింది గాడిని చూపించి, "నీళ్ళన్నీ దాంట్లోనే పోతన్నయ్" అన్నాడు. ఎవరి వల్ల అని అనలేదు, నేనూ చెప్పలేదు. తను నడిచే కాలిబాట చూపించాడు. అక్కడక్కడా బల్లపరుపు రాళ్ళు వరసగా పాతిపెట్టి ఉన్నాయి, బాటకి అడ్డంగా కాదు, ఏటవాలుగా. అడ్డంగా పెడితే నీళ్ళు ఎగదట్టి మీంచి దూకి ఇంకా లోతుగా కోస్తాయట. ఏటవాలుగా పెడితే పక్కకి తప్పుకుని గడ్డిలోకి పోతాయి. రాయి సగం పైనే భూమిలో ఉండాలి, లేకపోతే మొదటి వానకే దొర్లుకుంటూ పోతుంది. అయిదు నిమిషాల్లో చెప్పి గొర్రెల వెంట వెళ్ళిపోయాడు.

పెద్దాయనతో మాట్లాడిన సమయం తీసేసి, పైకి చేరడానికి 41 నిమిషాలు. పిక్కలు వణుకుతున్నాయి.

ఆవలివైపు దిగుడు గురించి పెద్దగా రాయడానికేం లేదు. సగటున 4 శాతం వాలు, తొక్కకుండానే గంటకి 30 దాటుతుంది, కాసేపటికి విసుగొస్తుంది. ఒకచోట ముల్లు దిగి వెనక టైరు బుస్సుమంది. ట్యూబ్‌లెస్ కదా, బెజ్జాలు పూడ్చడానికి లోపల పోసిన సీలెంట్ దానంతటదే పూడుస్తుందని చూశాను. సీలెంట్ పోసి ఏడు నెలలైంది, ఆ రబ్బరు పాలు ఎప్పుడో ఎండి పెచ్చులు కట్టాయి. తప్పు నాదే. బెజ్జంలో ప్లగ్ కూరి, చేతి పంపుతో కొట్టుకుని ఇల్లు చేరాను.

మొన్న ఆదివారం సైకిల్ లేకుండా వెళ్ళాను, భుజాన పార వేసుకుని. మూడో మలుపులో రెండు వరసలు, మొత్తం పదకొండు రాళ్ళు, సగం పైన భూమిలోకి పాతాను. చేతులు బొబ్బలెక్కాయి. వాన పడితే గానీ ఆ రాళ్ళు నిలుస్తాయో లేదో తెలీదు. ఎటూ వచ్చాను కదా అని, రాళ్ళ పని పెట్టుకునే ముందు కింది నుంచి పైదాకా పారతో సహా నడిచి చూశాను. 39 నిమిషాలు పట్టింది. ఈ సంగతి నా స్నేహితుడికి ఇంకా చెప్పలేదు.