దోమియే గీసిన వీనస్‌లు, వాటిని చూసి విసుక్కున్న స్త్రీలు

పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి వ్యంగ్యచిత్రకారుడు ఓనొరే దోమియే గీసిన దాదాపు నాలుగు వేల లిథోగ్రాఫ్‌లలో, అంటే రాతి పలక మీద గీసి అచ్చుతీసిన బొమ్మలలో, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1864 మే నెలలో 'ల షారివారి' అనే పారిస్ హాస్య పత్రికలో అచ్చయింది. ఆ యేటి సలోన్‌కు, అంటే ప్రభుత్వ ఆదరణతో జరిగే పెద్ద చిత్రకళా ప్రదర్శనకు, వచ్చిన ఇద్దరు మధ్యతరగతి స్త్రీలు అందులో కనిపిస్తారు. వాళ్ల వెనుక గోడ నిండా నగ్న వీనస్‌ల పటాలు; వీనస్ అంటే రోమన్ల ప్రేమదేవత. "ఈ ఏడాదీ వీనస్‌లే... ఎప్పుడు చూసినా వీనస్‌లే! ఇలాంటి ఒళ్లున్న ఆడవాళ్లు లోకంలో ఉన్నట్టు!" అని వారిలో ఒకావిడ విసుక్కుంటుంది.

ఆ విసుగుకు కారణం లేకపోలేదు. అంతకు ముందు ఏడాది సలోన్‌లో కబనెల్ అనే చిత్రకారుడు వేసిన 'వీనస్ జననం' పటాన్ని సాక్షాత్తూ ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియనే కొన్నాడు. రాజుగారి మెప్పు పొందిన వస్తువు వెంట తక్కిన చిత్రకారులు పరుగెత్తడం వింతేమీ కాదు.

కళ తెలియని ఇల్లాళ్లను వెక్కిరించిన చిత్రంగానే దీన్ని చూడవచ్చు; నాకు మాత్రం అలా తోచదు. బొమ్మ కింది మాటలను చాలాసార్లు పత్రికలోని ఇతరులు రాసేవారు కాబట్టి, దోమియే మనసు తెలుసుకోవాలంటే గీతనే నమ్ముకోవాలి. సున్నపురాతి పలక మీద జిడ్డు పెన్సిలుతో అతడు ఆ స్త్రీల టోపీలకూ దుస్తులకూ చిట్లించిన మొహాలకూ ఇచ్చిన నలుపూ బరువూ గోడ మీది దేవతలకు ఇవ్వలేదు. అవి పలచని గీతల్లో, దాదాపు ఒకే మూసలో ఉన్నాయి. బతికున్న మనుషులెవరో ఆ రాయే చెబుతున్నది.

నిజానికి దోమియే మొదట రాజకీయాల మీద గీసినవాడు. అప్పటి ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్‌ను ప్రజల సొమ్ము మింగే రాక్షసుడిగా 1831లో చిత్రించినందుకు అతడికి ఆరు నెలల జైలుశిక్ష పడింది. ముందస్తు అనుమతి లేకుండా వ్యంగ్యచిత్రాలు అచ్చువేయరాదని 1835లో చట్టం రావడంతో అతడి చూపు లాయర్ల మీదికీ, ఇంటి యజమానుల మీదికీ, రైలు ప్రయాణికుల మీదికీ మళ్లింది. మూడో నెపోలియన్ ఏలుబడిలోనూ ఆ కట్టడి ఉండేది. పైగా 1860లో పత్రికవారు అతణ్ణి తొలగించి, 1863 చివరలో గానీ తిరిగి పిలవలేదు. చక్రవర్తి అభిరుచిని నేరుగా ఒక్క మాట అనడానికి వీల్లేని ఆ రోజుల్లో, యాభై ఆరేళ్ల దోమియే ఆ మాట అనే పనిని టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన ఒక గృహిణికి అప్పగించాడని నా నమ్మకం.